మలుపు కాడ

జమ్మలమడుగు అవతల, పెన్నేటి ఒడ్డున ఒక ఊళ్లో ఒక రైతు ఉండేవాడు. ఆయనకు బండలాగే ఎద్దులంటే ప్రాణం. వాన రాక బుడ్డల పంట పోయినా ఓర్చుకునేవాడు గానీ, కొట్టంలో ఎద్దు ఒక పూట మేత ముట్టకపోతే ఆ రాత్రి ఆయనకు సంగటి ముద్ద గొంతు దిగేది కాదు.

ఎనిమిదేండ్లుగా ఆయన జతకు చుట్టుపక్కల పేరుండేది. దాపట మైలోడు, ఎలపట పుల్లోడు. సంక్రాంతికి మొదలై ఏరువాక దాకా సాగే తిరునాళ్ల కాలంలో ఆ జత బాట మీదికి వచ్చిందంటే, మిగతావాళ్లు రెండో బహుమానం మాట మాట్లాడుకునేవాళ్లు. ఒక ఏడు ముంగారు వానల్లో పుల్లోడికి జబ్బు చేసింది. పశువుల డాక్టరు రెండు పూటలా వచ్చి సూదులు వేసినా నిలవలేదు. రైతు చేలోనే గొయ్యి తీయించి, పసుపు కుంకుమ చల్లి పూడ్పించినాడు. చాలా దినాలు కొట్టం వైపు పోలేదు.

పంట డబ్బు చేతికొచ్చినాక సంతలన్నీ తిరిగి ఒక తెల్లటి ఎద్దును తెచ్చినాడు. ఒంగోలు జాతి. ఎత్తయిన మూపురం, కురచ కొమ్ములు, నడిస్తే నేల అదిరే కాళ్లు. దానికి పోసిన డబ్బుతో ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో ఇద్దరు ఆడపిల్లల పెండ్లి నగలు వస్తాయని ఊరంతా చెప్పుకున్నారు. ఇంటిల్లిపాదీ దాన్ని తెల్లోడు అని పిలుచుకున్నారు.

తెల్లోడు కూడా దాపటెద్దే. పాత యజమాని దానికి కాడి మరిపిన నాటి నుంచి ఎడమ పక్కనే కట్టినాడు. అంత ఖరీదు పెట్టి తెచ్చినదాన్ని అలవాటు లేని పక్కకు మార్చడానికి రైతుకు మనసొప్పలేదు. మైలోడు పాతది, ఎటు కట్టినా లాగుతుందిలే అనుకుని, దాన్నే కుడి పక్కకు మార్చినాడు.

సంక్రాంతికి ప్రొద్దుటూరు పక్కన ఒక ఊళ్లో మొదటి పోటీ. 300 అడుగుల బాట, 20 నిమిషాల గడువు. బాట చివరికి పోయినాక ఎద్దులను తిప్పుకుని మళ్లీ ఇటు లాగించాలి. గడువు ముగిసేసరికి ఎన్ని అడుగులు లాగితే అంత. ఎనిమిది జతలు దిగినాయి. మన రైతు జతకు ఎనిమిదో స్థానం.

మొదటి పోటీ కదా, జత కుదరలేదన్నారు. శివరాత్రికి ఏడో స్థానం. దిష్టి తగిలిందన్నారు. కొట్టానికి గుమ్మడికాయ కట్టినారు, ఎద్దుల మెడలో నల్లతాడు వేసినారు. ఉగాదికి మళ్లీ ఎనిమిది. ఈసారి మేత మీద పడింది నింద. ఉలవలు ఉడకబెట్టి పెట్టేది రెట్టింపు చేసినారు, పత్తి గింజలు నానబెట్టి రుబ్బి పోసినారు. తోలే మనిషిని మార్చినారు. కొత్తగా వచ్చినవాడు చెర్నాకోల ఆడించడంలో పేరున్నవాడు. అతని చేతి దెబ్బకు తెల్లోడి వీపు మీద వాతలు తేలినాయి. అడుగులు మాత్రం పెరగలేదు.

ఉగాది పోటీ అయిన కొద్ది దినాలకు ఒక దళారి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"తెల్లోడిలో ఏం తప్పు ల్యా అన్నా. ముసల్దే దాన్ని ఎనక్కి గుంజుతాండాది. మైలోడిని నాకిడిసిపెట్టు. మంచి రేటు నేను సూపిస్తా."

రైతు ఉలకలేదు పలకలేదు. పలకలేదంటే సగం ఒప్పుకున్నట్టే. ప్రొద్దుటూరులో డిగ్రీ చదివే ఆయన కొడుకు పండగ సెలవుకు వచ్చి ఉన్నాడు. ఆ మాట విని వాడు కొట్టంలోకి పోయి మైలోడి గంగడోలు నిమురుతూ నిలబడిపోయినాడు.

ఆ ఇంట్లో ఒక ముసలి జీతగాడు ఉండేవాడు. రైతు తండ్రి కాలం నుంచి పశువుల పని ఆయనదే. ఇన్ని ఓటముల్లోనూ ఆయన్ను ఎవరూ ఒక్క మాట అడగలేదు. దళారి చెప్పులు తొడుక్కుంటుంటే ఆయనే వచ్చి రైతు ముందు నిలబడినాడు.

"నాయనా, నవమి పోటీ ఒకటి సూసి అమ్ముకో. నాదొకటే కోరిక. అందరూ బాట మొదట్లో గుమిగూడతారు. నన్ను ఆ కొసాకు పోనీ. మలుపు కాడ కూకోవాల."

"కూర్చుంటే ఏమొస్తాది మామా?"

"కూకుంటే గదా తెలిసేది."

నవమి నాడు ముసలాయన, కుర్రవాడు ఇద్దరూ బాట అవతలి కొసన దుమ్ములో గొంతుక్కూర్చున్నారు. అక్కడ నీడ లేదు, మైకు మాట వినపడదు, బొరుగులమ్మేవాడు కూడా అటు రాడు. ఎనిమిది జతలూ వచ్చి తిరిగి పోవడం చూసినారు. కుర్రవాడు సెల్‌ఫోన్‌లో గడియారం పెట్టి ప్రతి మలుపూ లెక్కేసినాడు. గెలిచిన జత ఒక్కో మలుపుకు 12 సెకన్లు తీసుకుంది. మిగిలినవి 13, 15. తమ జతకు 26.

తిరిగేటప్పుడు ఏం జరుగుతోందో కూడా అంత దగ్గరగా చూస్తే తెలిసింది. తోలే మనిషి జతను ఎప్పుడూ ఎడమకే తిప్పుతాడు. అప్పుడు దాపటెద్దు నిలబడిన చోటే కాళ్లు మార్చుకుంటూ ఉండాలి, ఎలపటెద్దు బయటి నుంచి గబగబా చుట్టి రావాలి. తెల్లోడు తనకు నేర్పినట్టే నిలబడింది. మైలోడు ఎనిమిదేండ్లు దాపట ఉన్న ఎద్దు. పక్కది చుట్టి వస్తుందని అదీ నిలబడింది. రెండూ ఒకదాని కోసం ఒకటి చూస్తూ ఆగిపోయినాయి. వెనక నుంచి కేకలు, ఈలలు, చెర్నాకోల. బెదిరి, కొమ్ములు విసిరి, ఎటో ఒక పక్కకు తిరిగేసరికి 26 సెకన్లు.

ఆ రాత్రి కుర్రవాడు కాగితం మీద లెక్క కట్టి తండ్రి ముందు పెట్టినాడు. గెలిచిన జత లాగింది 3,000 అడుగులు. తమది 2,730. మలుపుల్లో పోయిన కాలం తీసేసి చూస్తే, తిన్నటి బాట మీద రెండు జతల నడకకూ పెద్ద తేడా లేదు.

"బలం తక్కువ ల్యా నాయనా మనోటికి," అన్నాడు ముసలాయన. "సంక్రాంతి నాడూ తక్కువ ల్యా."

రైతు ఆ కాగితం వైపు చాలాసేపు చూసినాడు. ఎవరి తప్పు అని అడగబోయి ఆగినాడు. మైలోడిని పక్క మార్చమన్నది తనే.

"అయితే ఏం చేద్దాం మామా?"

"మైలోడిని దాని తావుకు తెద్దాం. తెల్లోడు వయసులో ఉండాది, అది నేర్చుకుంటాది. బండ ఒద్దు. చెర్నాకోల ఒద్దు. ఒట్టి కాడి కట్టి ఏట్లో తిప్పుదాం."

అంత ఖరీదు ఎద్దుకు పక్క మార్చడమంటే, అది వచ్చిన నాడు తాను చేసింది తప్పని ఊరి ముందర ఒప్పుకున్నట్టే. రైతు ఒప్పుకున్నాడు.

మర్నాడు కోడి కూసేసరికి పెన్నేటి ఇసుకలోకి దిగినారు. నీళ్లు లేని ఏరు, చల్లటి ఇసుక. ఒట్టి కాడి కింద రెండు ఎద్దులు. ముసలాయన ముందు నిలబడి "రా తెల్లోడా, రా" అంటాడు. తెల్లోడు నిలబడిపోతుంది. మూతి కింద చెయ్యి పెట్టి మెల్లగా చుట్టూ నడిపిస్తాడు. మళ్లీ నిలబడుతుంది, మళ్లీ నడిపిస్తాడు. పొద్దు ఎక్కేదాకా అదే పని. పక్క ఊరి జతలు అదే ఇసుకలో పెద్ద పెద్ద బండలు లాగుతూ పోయేవి. వాటి వాళ్లు ఆగి, "ఏమప్పా, గానుగ పెట్టుకుంటాండారా?" అని నవ్విపోయేవాళ్లు. రైతు తల వంచుకుని ఎద్దుల వెంట నడిచేవాడు. కుర్రవాడు సెల్‌ఫోన్ పట్టుకుని సెకన్లు చదివేవాడు. ఇరవై నాలుగు. ఇరవై. పద్దెనిమిది.

చైత్రం దాటినాక జమ్మలమడుగు వైపే ఒక ఊళ్లో పోటీ. ఊరు ఊరంతా ఆశ పెట్టుకుంది. మొదటి ఆరు మలుపులు నీళ్లు పోసినంత సాఫీగా అయిపోయినాయి. ఏడో మలుపు కాడ, తోలేవాడు పాత అలవాటు కొద్దీ చెర్నాకోల ఎత్తినాడు. తెల్లోడు బిగుసుకుపోయింది. అంతే, అక్కడి నుంచి చివరిదాకా మళ్లీ పాత కథే. అయిదో స్థానం.

రైతు బాట పక్కనే కూలబడినాడు. జనం ఓదారుస్తున్నారు. ముసలాయన మాత్రం పై గుడ్డ దులుపుకుంటూ నవ్వుకుంటూ వచ్చినాడు.

"ఏం చూసి నవ్వుతాండావు మామా?"

"ఆరు మలుపులు గెలిసినాం గదా నాయనా. పోయిన తూరి ఒకటన్నా గెలిసినామా?"

కుర్రవాడు తోలే మనిషి దగ్గరికి పోయి, చేతులు పట్టుకుని, "అన్నా, ఇంక చెర్నాకోల మాకిచ్చెయ్. నోటితోనే తోలు," అని అడిగినాడు. ఆ మనిషికి మొదట కోపం వచ్చింది. అతని పేరంతా ఆ కోల మీదే ఉంది మరి. తర్వాత తెల్లోడి వీపు మీది వాతలు చూసి, ఏమీ అనకుండా చేతికిచ్చినాడు.

తర్వాతి పోటీ మైలవరం దిక్కున. గెలిచినారు. ఆ తర్వాతిది మళ్లీ ప్రొద్దుటూరు పక్కన. గెలిచినారు. ఏదో కలిసొచ్చిందని కొందరన్నారు. పులివెందుల అవతల, చీనీ తోటల నడుమ ఒక ఊళ్లో ఆ ఏటికి ఆఖరి తిరునాళ్ల. వారం తిరిగితే ఏరువాక. మూడు నెలలుగా ఓటమి ఎరగని ఒక జత ఆ పొద్దు 3,140 అడుగులు లాగి నిలబడింది. చీటీల్లో మన రైతు జతకు ఆఖరి వంతు వచ్చింది.

మబ్బు పట్టి నాలుగు చినుకులు రాలినాయి. బాట అవతలి కొసన నేల బంకబంకగా తయారైంది. జత కదిలింది. మలుపులు 12 సెకన్లు, 11 సెకన్లు. ఏడో మలుపుకు అటు పోయినప్పుడు మైలోడు కాలు జారి మోకాళ్ల మీద పడింది. జనం "అయ్యో" అన్నారు. తోలే మనిషి చెయ్యి దానంతటదే నడుము వైపు పోయింది. అక్కడ కోల లేదు. ఏం చేయాలో తోచక అతను మైలోడి మెడ మీద చెయ్యి వేసి, "లెయ్ నాయనా," అన్నాడు. తెల్లోడు కదల్లేదు, బరువంతా తన మెడ మీదికి తీసుకుని బిర్రుగా నిలబడింది. మైలోడు ఊపిరి పీల్చుకుని లేచింది. మోకాళ్లు చీరుకుపోయినాయి. లేచిన వెంటనే మెడ వంచింది.

ఇక అక్కడి నుంచి ఆ జతను చూసినవాళ్లు ఈ నాటికీ చెప్పుకుంటారు. పదో మలుపు దగ్గరికి వచ్చేసరికి ఇంకా నిమిషం పైచిలుకు ఉంది, 3,000 అడుగులు అయినాయి. ముసలాయన "రా" అనేలోపే తెల్లోడు బయటి నుంచి చుట్టేసింది. గంట కొట్టి ఆపినాక టేపు పట్టి కొలిచినారు. 3,151 అడుగులు.

నీతి: ఓడినవాడికి బలం చాలలేదని అందరూ చెబుతారు, వాడూ నమ్ముతాడు. బలం చాలామందికి చాలినంత ఉంటుంది. అది ఎక్కడో ఒక చోట ఆగిపోతూ ఉంటుంది. ఆ చోటు చప్పట్లు వినపడే దగ్గర ఉండదు, బాట అవతలి కొసన దుమ్ములో ఉంటుంది. పౌరుషం ఉన్నవాడు అక్కడికి పోయి కూర్చుంటాడు, తన తప్పును తన కళ్లతో చూస్తాడు, చూసినదాన్ని నలుగురూ నవ్వుతుండగా దిద్దుకుంటాడు. కాలం ఆఖర్న వచ్చే గెలుపులు అలా వస్తాయి.

ఈ నీతిని నేను గాల్లోంచి తీయలేదు. 2025 అక్టోబరులో మనమంతా టీవీల ముందు కూర్చుని చూసిందే ఇది. మహిళల ప్రపంచకప్‌లో ఆడిన మన జట్టులో ఎడమచేతి స్పిన్ వేసే శ్రీచరణి ఈ నేల పిల్ల. కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లె ఆమె ఊరు. నాన్న రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఉద్యోగి. ప్రొద్దుటూరు నుంచి ముద్దనూరు వైపు పోయేవాళ్లకు దూరం నుంచే కనపడే ఆ పొగ గొట్టాల దగ్గరే ఆమె పెరిగింది. చిన్నప్పుడు పరుగు పందేలు, ఖోఖో ఆడి, క్రికెట్‌ను గట్టిగా పట్టుకునేసరికి పదహారేండ్లు. అయిదేండ్లు తిరిగేసరికి ప్రపంచకప్ ఆడింది.

ఆ జట్టు మొదటి రెండు మ్యాచ్‌లు గెలిచి, వరసగా మూడు ఓడింది. అందులో రెండు మన విశాఖపట్నంలోనే. ఆ మూడు ఓటములనూ దగ్గరగా చూడండి. దక్షిణాఫ్రికా మీద 251 పరుగులు చేసి, అవతల 81 పరుగులకే అయిదు వికెట్లు తీసినాం. అక్కడి నుంచి నడీన్ డి క్లెర్క్ 84 పరుగులతో మ్యాచ్ లాగేసుకుంది. ఆస్ట్రేలియా మీద 4 వికెట్లకు 294 దాకా పోయి, 330కే ముగిసిపోయినాం. వాళ్లు ఒక ఓవర్ మిగిలుండగానే అది కొట్టేసినారు. ఇండోర్‌లో ఇంగ్లండ్ మీద చేతిలో వికెట్లున్నా 289 అందుకోలేక నాలుగు పరుగులతో ఓడినాం. మూడింట్లోనూ బాట మధ్యలో మనమే ముందున్నాం. పోయింది మలుపు కాడ.

అప్పుడు ఎంతమంది ఎన్ని మాటలన్నారో గుర్తు తెచ్చుకుంటే నాకిప్పటికీ మనసు కష్టంగా ఉంటుంది. ఆడపిల్లల ఆటకు ఇంత ఖర్చెందుకన్నారు, కెప్టెన్‌ను మార్చమన్నారు, ఒత్తిడి తట్టుకోలేరన్నారు. దళారి అరుగు మీదికి వచ్చినట్టే వచ్చినారు. జట్టు మాత్రం లోపలికి చూసుకుంది. అయిదుగురు బౌలర్లతోనే నెట్టుకొస్తున్నాం, ఆరో బౌలరు కావాలని, ఇంగ్లండ్ మీద జెమీమా రోడ్రిగ్స్‌ను పక్కన పెట్టి బౌలర్‌ను తెచ్చినారు. ఆ మందు పని చేయలేదు. పని చేయలేదని ఒప్పుకుని, న్యూజిలాండ్ మ్యాచ్‌కు జెమీమాను మళ్లీ తీసుకుని, ఈసారి మూడో స్థానంలో దించినారు. ఆమె ఆ రోజు 76 పరుగులతో అజేయంగా నిలిచింది. ఒక మనిషిని ఒక మ్యాచ్ పక్కన పెట్టి, వెంటనే పిలిచి ఇంకా పెద్ద బాధ్యత ఇవ్వడం, ఆ మనిషి అలకపూనకుండా దాన్ని తలకెత్తుకోవడం, రెండూ కష్టమే. నా దృష్టిలో జట్టు ఆ ప్రపంచకప్‌ను గెలిచింది అక్కడే.

అక్టోబరు 30న నవీ ముంబైలో సెమీఫైనల్. ఎదురుగా మళ్లీ ఆస్ట్రేలియా. వాళ్లు చేసింది 338. విశాఖలో వాళ్లు మన మీద అందుకున్న 331 అప్పటికి మహిళల వన్డేల్లో అతిపెద్ద ఛేదన. దాన్ని దాటితే గానీ ఫైనల్ లేదు. జెమీమా 127తో చివరిదాకా నిలబడింది, కెప్టెన్ హర్మన్‌ప్రీత్ 89 చేసింది, 9 బంతులు మిగిలుండగా మ్యాచ్ అయిపోయింది. నవంబరు 2న ఫైనల్. గాయపడిన ప్రతీకా రావల్ స్థానంలో, మొదట జట్టులోనే లేని షెఫాలీ వర్మ వచ్చి 87 కొట్టింది. హర్మన్‌ప్రీత్ ఆమెకే బంతినిచ్చింది. ఆమె రెండు వికెట్లు తీసింది. అన్ని రోజులుగా వెతుకుతున్న ఆరో బౌలరు అలా దొరికింది. దీప్తి శర్మ అయిదు వికెట్లు తీసింది. 52 పరుగుల గెలుపు, మన ఆడపిల్లలకు మొదటి ప్రపంచకప్.

ఓటమిని చూసి దిద్దుకునే ఈ గుణం బేస్‌బాల్‌లో ఇంకా బాగా తెలుస్తుంది, ఎందుకంటే ఆ ఆట కాలం చాలా పొడుగు. అమెరికాలో ఒక్కో జట్టు వసంతం నుంచి సెప్టెంబరు ఆఖరు దాకా 162 మ్యాచ్‌లు ఆడుతుంది. దాదాపు ప్రతిరోజూ మ్యాచ్ ఉంటుంది. ఇవాళ ఓడి రేపు మళ్లీ మైదానంలోకి దిగాలి. 2011లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ జట్టు ఆగస్టు ఆఖరి వారానికి తర్వాతి దశకు పోవడానికి తాము అందుకోవాల్సిన స్థానానికి పదిన్నర ఆటల దూరంలో ఉంది. మిగిలింది నెల పైన కొద్ది రోజులు. అందరూ లెక్కలోంచి తీసేసినారు. వాళ్లు మాత్రం జూలై ఆఖర్లోనే పేరున్న ఒక యువ ఆటగాణ్ణి వదులుకుని, ఆ మార్పిడిలో బంతి వేసేవాళ్లను తెచ్చుకుని ఉన్నారు. మ్యాచ్ చివర్లో బంతి ఎవరి చేతిలో ఉండాలన్నది కూడా మార్చుకున్నారు. ఆ మార్పు ఫలితం వెంటనే కనపడలేదు. సెప్టెంబరంతా గెలుస్తూ వచ్చి, లీగ్ ఆఖరి రోజు, సెప్టెంబరు 28న, ఆ స్థానం దక్కించుకున్నారు. అక్టోబరు 27న, విజేతను తేల్చే వరల్డ్ సిరీస్ ఆరో ఆటలో టెక్సస్ రేంజర్స్ వాళ్లను రెండుసార్లు ఓటమికి ఒక్క స్ట్రైక్ దూరం దాకా తీసుకొచ్చి నిలబెట్టింది. ఆ ఒక్క స్ట్రైక్ పడితే అంతా ముగిసినట్టే. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో డేవిడ్ ఫ్రీస్ కొట్టిన దెబ్బతో స్కోరు సమమైంది. పదకొండో ఇన్నింగ్స్‌లో అతనే హోమ్ రన్ కొట్టి 10-9తో గెలిపించినాడు. మర్నాడు ఏడో ఆట కూడా గెలిచి కప్పు ఇంటికి తీసుకుపోయినారు. మన పిల్లలు చాలామంది ఇప్పుడు అమెరికాలో ఉన్నారు కదా, సెలవుల్లో వచ్చినప్పుడు ఆ ఆరో ఆట గురించి అడిగి చూడండి, తెలిసినవాళ్లు గంటసేపు చెబుతారు.

నేను మళ్లీ మళ్లీ తలుచుకునేది మాత్రం శ్రీచరణి విశాఖలో ఆస్ట్రేలియా మీద వేసిన పది ఓవర్లు. 331 పరుగులు అవలీలగా కొడుతున్న జట్టు మీద ఆమె 41 పరుగులిచ్చి మూడు వికెట్లు తీసింది. ఎలీసా హీలీ 142 కొట్టిన రోజది. తక్కినవాళ్ల బంతులు బౌండరీ దాటుతుంటే, ఆ పిల్ల మాత్రం తన లైను తప్పకుండా బంతికి గాల్లో వేళ్లాడే సమయమిచ్చి వేస్తూ పోయింది. మ్యాచ్ పోయింది, ఆ మూడు వికెట్ల మాట కూడా ఆ ఓటమిలో కలిసిపోయింది. ఆ మ్యాచ్ తర్వాత ఆమె బౌలింగ్ మార్చుకోవాల్సిన పని లేకపోయింది. ఫైనల్లోనూ అదే లైనులో వేసిన బంతికి దక్షిణాఫ్రికా బ్యాటర్ ఆనెకె బాష్ సున్నాకే ఎల్బీడబ్ల్యూ అయింది. టోర్నీ మొత్తంలో ఆమెకు 14 వికెట్లు.

మన ఊళ్లలో పిల్లలను ఆటలాడించే మాస్టర్లకు ఒక మాట చెప్పుకోవాలని ఉంది. మండల పోటీల్లోనో జిల్లా పోటీల్లోనో ఓడిన పిల్లలను తిట్టుకుంటూ బస్సెక్కించడం మన దగ్గర మామూలు. ఎండలో ఆడి, ఆకలితో, ముఖాలు వేలాడేసుకుని ఉన్నవాళ్లకు మనం ఇచ్చేది ఆ తిట్లే. దయచేసి అలా చేయవద్దు. ముందు వాళ్లకు కడుపునిండా అన్నం పెట్టించండి. మర్నాడు బడి అయినాక మైదానంలోకి పిలవండి. బంతి ఎక్కడ జారింది, ఎవరు ఎవరి కోసం చూస్తూ నిలబడిపోయినారు, అది వాళ్ల నోటితోనే చెప్పించండి. ఎప్పుడూ నోరు విప్పని పిల్లవాణ్ణి కూడా అడగండి, ఆడపిల్లలను తప్పకుండా అడగండి. తర్వాత ఆ మ్యాచ్ చివరి పది నిమిషాలు, అవే స్థానాల్లో, అదే స్కోరుతో, మళ్లీ ఆడించండి.